కిలో ఉప్పు

రిటైరయ్యాక కూడా ఈ పని నన్ను వదలడం లేదు. మా చుట్టుపక్కల గల్లీల్లో కొత్తగా అంగన్‌వాడీ టీచర్లుగా చేరిన అమ్మాయిలు సాయంత్రం పూట వచ్చి కూర్చుంటారు. "టీచర్, గంత చిన్నపిల్లలతోని ఇన్నేండ్లు ఎట్ల వేగినవ్?" అని అడుగుతారు. పిల్లలతో వేగడం ఏముందమ్మా! ఏడుస్తారు, ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఊరుకుంటారు. ముక్కు తుడవాలి, లాగు మార్చాలి, చెప్పిన కథే నూరుసార్లు చెప్పాలి. ఒళ్లు అలిసిపోతుంది, అంతే. మనసు అలిసిపోయేది తోటి పెద్దవాళ్లతో. ఒకే గదిలో పక్కపక్కన పనిచేసేవాళ్ల మధ్య ఎవరి తప్పు ఎవరు చెప్పాలి, ఎవరిని ఎవరు కాపాడాలి అన్న మాట వస్తుంది చూడండి, అక్కడ. దాని గురించి ట్రైనింగ్‌లో ఒక్క ముక్క కూడా చెప్పరు.

అందుకే ఇది రాస్తున్నాను. నాకు వచ్చిన సర్టిఫికెట్ల గురించి రాసే ఓపిక లేదు, చదివే ఓపిక మీకూ ఉండదు. మా ఆయా యాదమ్మ ఉద్యోగం ఎలా పోయిందో చెబుతాను. అందులో నా పాలెంతో కూడా చెబుతాను. నన్ను మంచిదాన్నని అనుకుంటున్నవాళ్లు ఇక్కడే ఆపేసినా నాకేం బాధ లేదు.

యాదమ్మ

మా సెంటర్ ఉప్పుగూడ స్టేషన్‌కు అవతల, సన్నటి గల్లీలో ఒక అద్దె గది. పైన రేకులు. ఎండాకాలంలో పిల్లల తలలమీద తడిగుడ్డలు వేసేవాళ్లం. సగం ఇళ్లలో తెలుగు, సగం ఇళ్లలో ఉర్దూ. నేను చేరేనాటికే యాదమ్మ అక్కడ పన్నెండేళ్లుగా ఆయాగా ఉంది. నాకంటే పదిహేనేళ్లు పెద్దది. ఇంట్లో రెండు బర్రెలు. తెల్లవారుజామునే పాలు పిండి, వాడకం ఇళ్లకు పోసి, తొమ్మిదికల్లా వచ్చి గది ఊడ్చేది.

నా దగ్గర ట్రైనింగ్ కాగితం ఉంది, ఆమె దగ్గర పని ఉంది. మొదటి వారం పిల్లలంతా ఒకేసారి ఏడుపు మొదలుపెడితే నేనూ వాళ్లతోపాటు ఏడుద్దామా అన్నట్టు నిలబడ్డాను. యాదమ్మ నవ్వింది.

"గట్ల బిగుసుకపోతే ఎట్ల టీచరమ్మా? అందర్ని ఊకుంచాల్నని చూడకు. ఒక్కల్ని ఎత్తుకో. మిగిలినోళ్లు నిన్ను చూస్కుంట ఊకుంటరు."

అలాగే జరిగింది. నన్ను ఇన్నేళ్లు బతికించిన పని అంతా ఆమె అలా పనిచేస్తూ నేర్పిందే. ఆఫీసులో మాత్రం నేను టీచర్, ఆమె హెల్పర్. మీటింగులో నాకు కుర్చీ వేసేవాళ్లు, ఆమె గోడకానుకొని నిలబడేది. నాకు అది తప్పనిపించడానికి చాలా ఏళ్లు పట్టింది.

తూకం రోజు

నెలకొకసారి పిల్లల బరువు చూడాలి. దూలానికి కాంటా వేలాడదీసి, దానికి గుడ్డసంచి తగిలించి, అందులో పిల్లను కూర్చోబెడతాం. ముల్లు ఎంత చూపిస్తే అంత పుస్తకంలో రాయాలి. వయసుకు తగ్గ బరువుంటే ఆకుపచ్చ గీత, తగ్గితే పసుపు, బాగా తగ్గితే ఎరుపు. ఎరుపులో పడ్డ బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మా పనిలో ప్రాణం మీదికి వచ్చే సంగతి ఏదన్నా ఉంటే ఇదే. పాటలు ఒక రోజు పాడకపోయినా ఏమీ కాదు.

కానీ తల్లులు ఆ రోజు పిల్లల్ని పంపేవాళ్లు కాదు. "నక్కో బాజీ, కాంటే పే లటకాయే తో నజర్ లగ్ జాతీ" అనేవాళ్లు, కాంటాకు వేలాడదీస్తే దిష్టి తగులుతుందని. తెలుగు ఇళ్లవాళ్లు కూడా అదే మాట. నలుగురి ముందు బిడ్డ బరువు బయటికి చెప్పడమేంది, ఇదేమన్నా కూరగాయల కొట్టా అని ఒకామె నామీదికి లొల్లికి వచ్చింది. నేను దిష్టి లేదు గిష్టి లేదు అని ఉపన్యాసం ఇచ్చాను. తర్వాతి నెల ఆ గల్లీ నుంచి ఐదుగురే వచ్చారు.

అప్పుడు యాదమ్మ ఒక పని చేసింది. ఆ గుడ్డసంచి అడుగున ఒక జేబు కుట్టి, అందులో కిలో గళ్లుప్పు పోసి మూతి కుట్టేసింది. ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. "ఉప్పు మీద కూసుంటడు నీ కొడుకు. దిష్టంత ఉప్పుకే తాకుతది. కాంటా చెప్పేది నీ కొడుకు బరువు కాదు, ఉప్పుతోని కలిపి. వాని అసలు బరువు ఎవ్వరికి ఎర్క కాదు. ఫికర్ చెయ్యకు."

ఆ మాట పనిచేసింది. తల్లులు వచ్చారు. యాదమ్మ ముల్లు చూసి గట్టిగా చెప్పేది, "పదకొండున్నర!" నేను బల్ల దగ్గర కూర్చుని ఒక కిలో తీసేసి, పదిన్నర అని రాసుకునేదాన్ని. ఖాళీ సంచి తగిలించినప్పుడు ముల్లు సున్నా మీద ఉండేలా సరిచేసుకోవాలని ట్రైనింగ్‌లో చెబుతారు. అలా చేస్తే కాంటా బిడ్డ అసలు బరువే చూపిస్తుంది, తల్లులు మళ్లీ రారు. అందుకని సరిచేయలేదు. గల్లీలో తల్లులందరికీ తెలుసు, మా ఇద్దరికీ తెలుసు. పైవాళ్లకు మాత్రం చెప్పలేదు. ఏళ్ల తరబడి ఒక్క బిడ్డ లెక్క కూడా తప్పలేదు.

ఆ ఉప్పు తప్పని నేను ఇప్పటికీ అనుకోను. దాచిపెట్టడం తప్పు. సూపర్వైజర్ మేడమ్‌కు మొదట్లోనే చెప్పి ఉంటే నాలుగు తిట్లు తిట్టి, ఆ సంచి మీద "కిలో తీసేయాలి" అని రాయించి ఉండేది, అంతకంటే ఏం జరిగేది కాదు. మేము దాచాం. దాచిన మంచిపని అంతా బాగున్నన్నాళ్లు తెలివి అనిపించుకుంటుంది. ఒక్కసారి చెడిందా, అదే నేరం అవుతుంది.

శిరీష

పక్క గల్లీ సెంటర్‌కు టీచర్‌గా శిరీష వచ్చింది. పెళ్లయిన ఏడాదికే ఉద్యోగం. మొదటి రెండు నెలలు నా దగ్గరే కూర్చుని పని నేర్చుకుంది, తూకం రోజు మాత్రం తన సెంటర్‌లో ఉండేది. చురుకైన పిల్ల, కానీ ఓపిక తక్కువ. ఒకరోజు పాలు రెండుసార్లు ఒలకబోసిన మూడేళ్ల పిల్లవాడికి తొడపాశం పెట్టింది. వాడు కెవ్వున ఏడ్చాడు. తొడ మీద ఎర్రగా కమిలింది.

నేను ఆమెను గది వెనక్కి తీసుకుపోయాను.

"వాళ్లమ్మ వచ్చినంక నువ్వే చెప్పాలె, నేనే గిచ్చిన అని."

"టీచర్, ఆమె చంపుతది నన్ను."

"తిడ్తది, చంపదు. ఇంటికి పోయి లాగిప్పినంక చూస్తే అప్పుడు చంపుతది. చేసింది చెప్పేస్తే మనసు మస్తు హల్కగ, తేలిగ్గ ఉంటది, చూడు."

శిరీష ఏడుస్తూనే చెప్పింది. ఆ తల్లి గల్లీ అంతా వినిపించేలా తిట్టింది. కానీ మరునాడు పిల్లవాణ్ని తీసుకొచ్చి శిరీష చేతికే ఇచ్చింది. నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. తోటి మనిషి తప్పును ఎలా సరిదిద్దాలో నాకు బాగా తెలుసనుకున్నాను. ఇతరుల తప్పు విషయంలో అది నిజమే.

నేను లేని మూడు నెలలు

నాకు గర్భసంచి ఆపరేషన్ అయింది. మూడు నెలలు బరువులెత్తొద్దు, ఎక్కువసేపు నిలబడొద్దు అన్నారు. మా సెంటర్ బాధ్యత కూడా శిరీషకే ఇచ్చారు. నేను అప్పజెప్పిన తీరు ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే మంట. తాళాలు ఎక్కడుంటాయో చెప్పాను. ఏ పిల్లకు గుడ్డు పడదో చెప్పాను. ఏ పిల్లవాడు గడియ తీసి రోడ్డు మీదికి పోతాడో చెప్పాను. ఉప్పు సంగతి చెప్పలేదు. దాచాలని కాదు, గుర్తే రాలేదు. కిలో తీసేయడం నాకు ఎంత అలవాటైపోయిందంటే, అదొక ప్రత్యేకమైన పని అన్న స్పృహే లేదు.

శిరీష తూకం రోజు బల్ల దగ్గర కూర్చుంది. యాదమ్మ గట్టిగా చెప్పింది, శిరీష విన్నది విన్నట్టు రాసింది. టీచరమ్మ చెప్పే పోయి ఉంటుందని యాదమ్మ అనుకుంది. ఒక్క నెలలో పిల్లలందరూ కిలో చొప్పున పెరిగారు. ఎరుపువాళ్లు పసుపుకొచ్చారు, పసుపువాళ్లు ఆకుపచ్చకొచ్చారు. ఇదేంటని శిరీషకు అనుమానం రాకపోలేదట. కానీ మీటింగులో మేడమ్ ఆమెను లేపి నిలబెట్టి అందరిచేత చప్పట్లు కొట్టించింది. చప్పట్లు కొట్టించుకున్నాక అడగడం కష్టం. నాకు అర్థమవుతుంది.

ఆ పిల్లల్లో అఫ్రీన్ అని ఒక బిడ్డ, రెండేళ్లది. తల్లి షాహీన్ ఇంట్లో కూర్చుని గాజులకు రాళ్లు అంటించే పని చేసేది. బిడ్డకు నెలల తరబడి విరేచనాలు తగ్గుతూ మళ్లీ వస్తూ ఉన్నాయి. నేను వెళ్లేముందు ఎనిమిది కిలోల ఆరువందలు. తర్వాత నెలనెలా కరిగిపోయింది. పుస్తకంలో మాత్రం ముందు తొమ్మిది దాటి, తర్వాత దిగి ఎనిమిదిన్నర దగ్గర ఆగింది. ఎరుపు గీతలోకి పోనేలేదు. షాహీన్ అడిగిందట, "మేరీ బచ్చీ దుబ్లీ దిఖ్‌రై నా?" అని, సన్నబడినట్టు లేదా అని. శిరీష పుస్తకం చూసి, ఫరవాలేదు, ముందుకంటే ఏమంత తగ్గలేదు అంది.

నేను తిరిగొచ్చిన నెల యాదమ్మ గట్టిగా చెప్పింది, "ఎనిమిది మీద మూడొందలు!" నా చేయి అలవాటుగా ఏడు మీద మూడొందలు రాసింది. పైన పోయిన నెల అంకె చూశాను. ఎనిమిదిన్నర. తలెత్తి బిడ్డను చూశాను. సంచిలో కూర్చుని ఏడవడం కూడా లేదు.

"యాదమ్మక్కా, శిరీషకు ఉప్పు సంగతి చెప్పినవా?"

ఆమె సంచి పట్టుకున్నది పట్టుకున్నట్టే ఆగిపోయింది. "నేనేం చెప్త? నువ్వు చెప్పే పోయినవనుకున్న."

ఆ పొద్దుటే ఆటో పిలిచి ఆసుపత్రికి పోయాం. దారి పొడుగునా యాదమ్మ ఆ బిడ్డను కొంగులో చుట్టి గుండెకానించుకుంది. డాక్టరమ్మ చూసి, ఇంకో పది రోజులు ఆలస్యం చేస్తే నా దగ్గరకు తెచ్చినా లాభం ఉండేది కాదు అంది. చేర్చుకున్నారు. దేవుడి దయ, ఆ బిడ్డ బతికింది, కోలుకుంది. ఇది ముందే చెప్పేస్తున్నాను, మీరు ఆ దిగులుతో మిగతాది చదవొద్దు.

మేడమ్ ముందు

డాక్టరమ్మ బిడ్డ బరువుల కార్డు చూసి, ఒక్క నెలలో కిలోకు పైగా ఎలా పడిపోయిందని పైకి రాసింది. మూడోరోజు సూపర్వైజర్ మేడమ్ వచ్చింది. చెడ్డమనిషి కాదు. ఎన్నో సెంటర్లు ఆమె నెత్తిన ఉండేవి, ఎప్పుడూ కాళ్లనొప్పులతో వచ్చేది. ఆ రోజు మాత్రం చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చింది. శిరీషను కూడా పిలిపించింది. అంతకు ముందు సాయంత్రమే నేను శిరీషకు ఉప్పు సంగతి, కిలో తీసేసే సంగతి అంతా చెప్పాను. పిల్ల నేలమీద కూలబడి ఏడ్చింది.

మేడమ్ కాంటా దగ్గరకు పోయి సంచి ఎత్తి చూసింది. బరువు తెలిసింది. కుట్టు విప్పితే ఉప్పు గళ్లు నేల మీద రాలాయి.

"ఇది ఎవరి పని?"

"నాదే మేడమ్, నేనే కుట్టిన" అంది యాదమ్మ.

బిడ్డ బట్టల కోసం ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి, గుమ్మంలో నిలబడ్డ షాహీన్ ఉండబట్టలేక అడ్డు వచ్చింది. "నమక్ తో హమారే వాస్తేచ్ డాలే ఉనో. ఉన్‌కూ కైకూ డాంట్‌రైఁ?" మా కోసమే వేసింది, ఆమెను ఎందుకు తిడుతున్నారు అని. బిడ్డ ఆసుపత్రిలో ఉన్న తల్లి ఆ మాట అంది. మేడమ్ వినిపించుకోలేదు. నా వైపు తిరిగింది.

"టీచర్, నీకు తెలుసా ఇది?"

ఆ గదిలో అందరూ నావైపే చూశారు. ఇంట్లో మావారికి డిపోలో పని పోయి అప్పటికి ఏడాది. పిల్లలు కాలేజీలో. ఇవన్నీ అప్పుడు అనుకున్నానని చెప్పను, అంత టైం లేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నాకు తెల్వదు మేడమ్."

శిరీష నన్ను చూసి తల దించుకుంది. ఆమెకు నిజం తెలుసు. తన తప్పు కూడా ఇందులో ఉంది కాబట్టి ఆమె కూడా బయటపెట్టలేదు. ఇద్దరం టీచర్లం నోరు మూసుకుని నిలబడ్డాం.

యాదమ్మ నా మొహంలోకి ఒకసారి చూసింది. తర్వాత మేడమ్ వైపు తిరిగి, నేను ఊహించని మాట అంది. "టీచరమ్మకు ఏం ఎర్క లేదు మేడమ్. ఆమె బల్లకాడ రాసుకుంటది. కాంటా నేనే చూస్త."

నా అబద్ధానికి ఆమె సాక్ష్యం చెప్పింది! నేను కాదనలేదు. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా సిగ్గుతో ఒళ్లు ముడుచుకుపోతోంది.

వారం తిరక్కుండా యాదమ్మను రావద్దన్నారు. రిటైర్మెంటు ఇంకా నాలుగేళ్లుంది. పిల్లల బరువుల్లో మోసం చేసి ఒక బిడ్డను చావుదాకా తెచ్చిన ఆయా అని పేరు పడింది. ఆ మాట మిగతా సెంటర్ల మీటింగుల్లో కూడా ఉదాహరణగా చెప్పారు. నేను కుర్చీలో కూర్చుని విన్నాను.

భయానికి దొరికే సాకులు

శిరీష మర్నాడే మా ఇంటికొచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"టీచర్, మేడమ్ దగ్గరికి పోదాం. నేను అనుమానం వచ్చినా అడగకుంట రాసిన, మీరు చెప్పుడు మర్చిపోయిన్రు. ఇద్దరం చెప్దాం."

"చెప్తే ఏమైతది? ఇద్దరి ఉద్యోగాలు పోతయి. రెండు సెంటర్లు మూతవడ్తయి. పిల్లలను ఎవరు చూస్తరు?"

"చేసింది చెప్పేస్తే హల్కగ ఉంటదని మీరే అన్నరు కద టీచర్?"

"గది వేరు, గిది వేరు. మనం చెప్పినా యాదమ్మను తీసేటోళ్లే. కుట్టింది ఆమెనే కద."

శిరీష వెళ్లిపోయింది. నన్ను కాదని తానొక్కతే పోయి చెప్పే ధైర్యం ఆమెకూ లేకపోయింది, ఆ ధైర్యాన్ని నేనే చంపాను. తర్వాత ఎన్నో ఏళ్లు మీటింగుల్లో కలిశాం. నమస్తే టీచర్ అనేది, అంతే. పక్కన కూర్చునేది కాదు.

కొత్తగా వచ్చిన అమ్మాయిలకు నేను చెప్పేది ఇదే. భయం వేసినప్పుడు దొరికే సాకులన్నీ పిల్లల కోసం అన్నట్టే ఉంటాయి. పిల్లలను ఎవరు చూస్తారు అన్నాను నేను. ఆ పిల్లలను నాకంటే బాగా చూసింది యాదమ్మ. మీ మాటలో "పిల్లల కోసం" అని వచ్చిందంటే ఒక్క క్షణం ఆగి, అందులో మీ ఉద్యోగం ఎంతుందో చూసుకోండి. నేను ఉద్యోగం పోగొట్టుకోమని చెప్పడం లేదు. నాకు ఆ హక్కు లేదు. మీరు చేస్తున్నది ఏమిటో మీకు తెలిసి చేయండి, అంతవరకే.

ఇంకోటి. సెలవు మీద పోయేటప్పుడు, మీ చేతికి అలవాటైపోయి మీకే కనిపించని పని ఏదుందో మీ ఆయాను అడగండి. ఆమెకు కనిపిస్తుంది. నేను అడిగి ఉంటే యాదమ్మ చెప్పేది.

యాదమ్మ ఇంట్లో

మూడు నెలలు ఆమె ఇంటివైపు పోలేదు. కూరగాయలకు చుట్టుదారిన పోయేదాన్ని. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. బర్రెలకు కుడితి కలుపుతోంది. నన్ను చూసి చేతులు కడుక్కుని మంచం వాల్చింది. టీ పెట్టింది. చిక్కటి పాలతో, నాకు ఇష్టమైనట్టు, చక్కెర తక్కువ వేసి.

"గా షాహీన్ బిడ్డ ఎట్లున్నది?" అని అడిగింది ముందు.

"మంచిగున్నది అక్కా. ఉరుకుతున్నది."

ఆమె మొహం విప్పారింది. "అల్లాకు, దేవునికి, ఇద్దరికీ దండం పెట్టిన దాని కోసం."

నేను టీ తాగలేకపోయాను. మూడు నెలలుగా లోపల తయారు చేసుకున్న మాటలన్నీ ఒక్కసారే వచ్చేశాయి. "అక్కా, ఆ రోజు నేను తెల్వదన్న. తప్పు చేసిన. గని నేను చెప్పినా నిన్ను తీసేటోళ్లే అక్కా. కుట్టింది నువ్వని నువ్వే చెప్తివి. నేను చెప్పినా నిన్ను ఉంచకపోదురు." ఏడుస్తూ అదే మాట మళ్లీ మళ్లీ అన్నాను.

యాదమ్మ నా వీపు మీద చేయి వేసింది. కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

"ఔ బిడ్డా, తీసేటోళ్లే. నాకెర్క లేదా? నువ్వు చెప్పినా తీసేటోళ్లే" అంది. "గని అందరి ముంగట గట్ల ఒక్కదాన్నే నిలవడకపోతుంటి."

ఆమె నా చేతిలోని గ్లాసు ముట్టుకుని చూసి, చల్లారిపోయింది, వేడి చేసి తెస్త అని లోపలికి పోయింది.